పక్క మంచం దేవుడు

పక్క మంచం మీది పిల్లాడు చాయ్ అడిగాడు. అంతే, సరోజన కడుపు భగ్గుమంది.

అడిగింది చాయే కదా, పాపం అడగనీ అనుకునే స్థితిలో లేదామె. తన కొడుకు రాజీవ్ ఇంకా కళ్ళు తెరవలేదు. ఆ పిల్లాడూ రాజీవూ కాలేజీలో ఒకే బెంచీ దోస్తులు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలవగానే గని కార్మికుల శిబిరంలో కూర్చుంటామంటూ భూపాలపల్లికి పోయారు. ఆరుబయట పడుకుని, దోమకాట్లు తిని, ఒకే జ్వరం మోసుకొచ్చారు. మానుకోట దవాఖానలో పక్కపక్క మంచాల మీద పడ్డారు. ఒకటే డాక్టరు, ఒకటే మందు. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన తారి కొడుకు చందు లేచి కూర్చుని చాయ్ అడుగుతుంటే, నర్సింహులపేటలో పదిమందికి అన్నం పెట్టే ఇంటి పిల్లాడు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాడు. "జ్వరం మెదడుకెక్కిందమ్మా. మందు పనిచేయాలి, చూద్దాం" అంటాడు డాక్టరు. ఆ 'చూద్దాం' వింటేనే సరోజనకు సగం ప్రాణం పోతోంది. మొగుడు జగపతి ఉన్నాడా అంటే ఉన్నాడు, జనగామలో, సభల మీద సభలు పెట్టిస్తూ. ఫోన్లో ధైర్యం చెబుతాడు మహానుభావుడు.

పోనీ, ఆ తారి ఏమన్నా గట్టి మొక్కులు మొక్కిందా? అదీ లేదు. సరోజన మొక్కని దేవుడు లేడు. కురవి వీరన్నకు వెండి కోరమీసాలు చేయిస్తానంది. మేడారం తల్లులకు కొడుకుతో సమానంగా బంగారం తూచి ఇస్తానంది. బంగారమంటే బెల్లమే లెండి, తల్లుల దగ్గర బెల్లానికి అదే పేరు. తారి మాత్రం కొడుకు కాళ్ళు నొక్కుతూ, పక్కన ఎవరో కూర్చున్నట్టు లంబాడీలో ముచ్చట్లు చెబుతూ ఉంటుంది. సేవాభాయా, సేవాభాయా అని వాళ్ళ దేవుణ్ణి పిలుస్తూ నవ్వుతుంది, విసుక్కుంటుంది, ఒక్కోసారి తిడుతున్నట్టే ఉంటుంది.

సరోజన ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏం మొక్కినవే తారీ?"

"మొక్కుడేంది దొరసానీ? గాయన ఈడనే ఉన్నడు గద. ముచ్చట జెప్తున్న."

"ఏడున్నడే?"

"గీడనే. మన రాజీవ్ కాడ గూడ ఉన్నడు. పరేషాన్ గాకు."

సరోజనకు ఒళ్ళు మండిపోయింది. మన రాజీవ్ అట! కొడుకు లేచి కూర్చున్నాక ఎవరైనా చెబుతారు ఇలాంటి మాటలు. అదృష్టమంతా దాని వైపు, ఓదార్పు మాత్రం నా వైపా? తారి వేడినీళ్ళు తెచ్చిపెడితే అక్కర్లేదంది. చందు పలకరించబోతే మొహం తిప్పుకుంది. అసలు భూపాలపల్లి పోదామన్నది వీడే అయి ఉంటాడని కూడా అనుకుంది.

మర్నాడు పొద్దున చందుకు మళ్ళీ వణుకు వచ్చింది. రక్తం పరీక్ష చేయాలని బండి మీద పడుకోబెట్టి తీసుకుపోయారు, వెనకే తారి పరుగెత్తింది. చాలాసేపటి దాకా ఇద్దరూ తిరిగి రాలేదు. సరోజన తడిగుడ్డతో రాజీవ్ పెదాలు తుడుస్తూ ఉంది. అప్పుడు వరండాలోంచి ఏడుపు వినబడింది. తారి గొంతే. గుండెలు అవిసిపోయేలా ఏడుస్తోంది.

అయిపోయింది, పిల్లాడు పోయాడు అనుకుంది సరోజన. అనుకున్నాక ఆమె మనసు ఏం చేసిందో చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. అమ్మయ్య అనుకుంది. ఇప్పుడు ఇద్దరం ఒకటే, దాని దేవుడూ లేచి వెళ్ళిపోయాడు అనుకుంది.

మరుక్షణమే గుడ్డ పక్కన పడేసింది. "ఛీ, నేను మనిషినేనా?" అనుకుంటూ వరండాలోకి పరుగెత్తింది.

వరండాలో చందు బెంచీ మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. పక్కన తారి, ఇంకో ఆడమనిషి ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగాలు తీస్తున్నారు.

"మా చాందీ చిన్నమ్మ వచ్చింది. బస్సులు లేవు గద, నడుసుకుంట వచ్చింది" అన్నాడు చందు, వాళ్ళ ఏడుపు తనకేం పట్టనట్టు.

తండా ఆడవాళ్ళు చాన్నాళ్ళకు కలిస్తే అంతే. మెడలు పట్టుకుని, రాగం తీసి, కష్టసుఖాలన్నీ ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి అంగళ్ళలో, బస్టాండులో సరోజన చూస్తూనే ఉంది. చావు ఏడుపేదో, ఈ ఏడుపేదో ఆమెకు తెలియక కాదు. వినాలనుకున్నదే వినబడింది.

తారి ఆమెను చూసింది. దొరసాని అనే మాట ఎటు పోయిందో గానీ, "ఏ బాయీ" అంటూ ఒక చేత్తో ఆమె మెడనూ చుట్టేసింది. బాయీ అంటే అక్కా అని. ఆ రాగంలో సరోజనకు అర్థమైంది ఒక్క మాటే, రాజీవ్ పేరు. తారి తన కొడుకు కోసం ఏడవడం లేదు. సరోజన కొడుకు కోసం ఏడుస్తోంది. దవాఖానకు వచ్చినప్పటి నుంచి బిగబట్టుకున్నదంతా తెగిపోయి, సరోజన తారి భుజం మీద వాలి భోరుమంది.

"తారీ, నీ కొడుకు పోయిండనుకున్ననే" అంది ఎక్కిళ్ళ మధ్య. "అనుకొని సంబురపడ్డ. నా మనసుల గంత పాపమున్నది."

తారి ఏడుపు ఆపింది. చేయి వదిలేస్తుందనుకుంది సరోజన. తారి వదల్లేదు.

"నాకెందుకు జెప్తున్నవ్ బాయీ?" అంది. "గాయన ముందుగాలనే ఇన్నడు. ఇని గూడ లేశి పోలేదు. నీ కొడుకు కాడనే కూసున్నడు, పో."

సరోజన లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. రాజీవ్ కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి. కొడుకు చేయి పట్టుకుని, పక్కన ఎవరో ఉన్నట్టు అటు తిరిగింది. కోరమీసాల మాట ఎత్తలేదు, బంగారం మాట ఎత్తలేదు.

"నా అసుంటిదాని కాడ కూసునుడు నీకు కష్టమే" అంది. "అయినా జర ఉండు."