ఎర్ర నూలు పొట్లం

తిరుత్తణి డాక్టరు నన్ను తీపి మానమన్నాడు. "ఇంకొకసారి ముట్టినారంటే కాఫీ కూడా బంద్, మామా," అనింది కోడలు సుగంధి. చనిపోయిన నా భార్య కూడా ఇంత కాపలా కాయలేదు.

సుగంధి పదేసి వేరుశనగ ఉండలు పెట్టి మగ్గం నూలుతో కట్టిన మూడు పొట్లాలు, విడి ఉండలు రెండు ముందర పెట్టుకొని, మనవరాలు యశస్వినికి తీసివేత నేర్పినాను.

"ముప్పై రెండులో ఏడు తియ్యి."

"విడివి రెండే ఉండాయి, తాతా."

"పదుల్లో ఒక పొట్లం విప్పి ఒకట్లలో కలుపు. ఎర్ర నూలుది మాత్రం వద్దు."

ఎర్ర నూలుదే విప్పింది. ఏడు తీసి, మిగిలినవి లెక్కపెట్టింది.

"ఇరవై నాలుగు."

"ఇరవై ఐదు, మొద్దూ!"

"ఈ పొట్లంలో తొమ్మిదే ఉండాయి, తాతా!"

సుగంధి వంటింట్లోంచి వచ్చి, నా మీసంలో బెల్లం చూసింది.

కాఫీ ఆగి వారమైంది. యశస్వినికి తీసివేత బాగా వచ్చింది. దాన్ని నేనింకా క్షమించలేదు.