సగం అల్లిన తల

మరీ బిగించానేమో, చెవి వెనక చర్మం ఎర్రబడింది, ఎర్రబడడమేమిటి నా తలకాయ, పదకొండేళ్ళుగా ప్రతి మూడో శనివారం అక్కడ ఎర్రబడుతూనే ఉంది, చూస్తూనే ఉన్నాను, చూసి నూనె రాస్తూనే ఉన్నాను, టీవీ చెప్పాక ఇప్పుడు కొత్తగా ఉలిక్కిపడడం దేనికి, నా మోకాళ్ళ మధ్య పీట మీద కూర్చున్న డెలీసా కదలడం లేదు, ఎడమ సగం అల్లేశాను, కుడి సగానికి దువ్వెన పెట్టబోతుండగా ముందుగదిలో మా ఆయన లామార్ టీవీ గొంతు పెంచాడు, మన టొలీడో నల్లవారి సంఘం అధ్యక్షురాలు అసలు తెల్లావిడట, పుట్టినప్పటి పేరు హైడీ అట, ఎక్కడో మొంటానాలో తల్లీ తండ్రీ వాకిట్లో నిలబడి బంగారు జుట్టు పిల్ల ఫోటో చూపిస్తున్నారట, ఏమేవ్ వెర్నెల్, మన డెలీసా గురించేనే, అంటూ వంటింట్లోకి తల పెట్టి, పీట మీద మనిషిని చూసి, తల వెనక్కి తీసుకున్నాడు, నలభై ఏళ్ళ కాపురంలో ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే.

వెంటనే ఫోన్, ఆడపడుచు బర్నడీన్, ఏం వదినా, నీ చేతుల్తోనే అల్లావుగా, ఆ జుట్టు నీకు చెప్పలేదా, చెప్పిందే బర్నడీన్, ఆ జుట్టు మొదటి రోజే చెప్పింది, నేనే దాన్ని నోరు మూసుకోమన్నాను, ఎందుకంటే మన నల్లవాళ్ళలో అడగరు, మా తాత కళ్ళు నీలం, మా పిన్ని కూతురు మీగడ రంగు, ఆ రంగులు ఏ దొర ఇంట్లో ఏ బలవంతాన వచ్చాయో తెలిసినవాళ్ళం కనుక బల్ల దగ్గర కూర్చున్న మనిషిని నీకీ రంగెక్కడిదని అడగం, కుర్చీ జరిపి ఇంకో ముక్క మొక్కజొన్న రొట్టె వడ్డిస్తాం, ఆ మర్యాద అనే తలుపులోంచే ఈ మనిషి తాపీగా నడిచి వచ్చేసింది.

అక్కా, మిగతా సగం అల్లవా, రేపు చర్చిలో అందరి ముందూ నిలబడాలి, అంది డెలీసా, తల తిప్పకుండానే, ఏమని నిలబడతావే అన్నాను, లోపల నేనింతే అక్కా అంది, లోపలి సంగతి నాకేం తెలుసు, నా దువ్వెనకు అందేది పైదే, అయినా మా అమ్మ చివరి నెలల్లో కాళ్ళకు నూనె రాసింది ఈ పిల్ల చేతులే, అద్దెవాళ్ళను రోడ్డున పడేస్తుంటే మెట్లమీద అడ్డంగా కూర్చుంది ఈ మనిషే, అది కూడా రంగు వేసుకున్నదేనా, కాదు, కానీ ఒకసారి స్కూల్లో పిల్లల ముందు చేసిన ప్రసంగమో, మా అలబామా ఊళ్ళో దుకాణంవాళ్ళు నల్లపిల్లల్ని చెప్పులు తొడిగి చూడనిచ్చేవారు కాదని మా అమ్మ నా పాదాన్ని కాగితం సంచి మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసి, ఆ కాగితం దుకాణానికి పట్టుకెళ్ళడం, పెన్సిల్ చక్కిలిగిలికి నేను నవ్వడం, అంతా ఈ పీట మీదే నా నోట విని, అక్కడ తన పాదమే అన్నట్టు చెప్పింది, ఆ నవ్వుతో సహా, ఆ కాలానికి తను పుట్టనే లేదు, పిల్లలకు పెద్దవాళ్ళందరిదీ ఒకటే వయసు కనుక సరిపోయింది, ముందు వరసలో కూర్చున్న నేనూ చప్పట్లు కొట్టాను, ఇంటికొచ్చాక నా పాదం నాకే పరాయిదిలా అనిపించింది.

చేతులు ఎప్పుడు మొదలుపెట్టాయో, అల్లుతున్నాననుకున్నాను, విప్పుతున్నాను, ఎడమ చివరి నుంచి ఒక్కొక్కటే, లాగకుండా, కలిపిన సవరం వేరు చేసి ఒళ్ళో పెట్టుకుంటూ, అక్కా వద్దు అంది, తల మాత్రం జరపలేదు, నొప్పెడితే చెప్పు అన్నాను, ఏడుస్తోంది, నొప్పికి కాదు, గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పెట్టి తల వంచి కడిగాను, తడిసిన ఆ జుట్టు నా అరచేతిలో పిట్ట ఈకంత, ఇంత బరువు దీనిమీద ఎలా మోయించానమ్మా, చిన్నప్పుడు నీకు తల ఎవరు దువ్వేవారే అని అడిగాను, అడగకూడదన్నది అడిగాను, గిన్నె అంచు పట్టుకుని అంది, మా అమ్మ, వంటింటి సింకు దగ్గర, కొళాయి చన్నీళ్ళతో, జలుబు చేస్తుందని మా నాన్న అరిచేవాడు, అని చిన్నగా నవ్వింది, ఆ నవ్వు నాది కాదు, ఎక్కడా విన్నది కాదు, తువ్వాలు పట్టుకుని నిలబడిపోయాను, పదకొండేళ్ళు తల నిమిరినా, ఈ మనిషిని నేను కలుసుకోవడం ఇదే మొదటిసారి.