పద్నాలుగో నంబరు నీడ

శుక్రవారం సాయంత్రం, సముద్రంలోకి పొడుచుకొచ్చిన గానెట్ మొన దగ్గరి క్యాంపులో ఎవరి హడావిడి వాళ్ళది. కొందరు చక్రాల కింద చెక్కలు పెట్టి వ్యాన్లు మట్టం చేసుకుంటున్నారు, కొందరు సాసేజీలు కాలుస్తున్నారు. పొద్దు వాలకముందే నీడలు కూడా వచ్చేశాయి. చోటు బుక్ చేసుకుని రానివాళ్ళ నీడలవి. మనిషి సిడ్నీలో సోఫా దిగకపోయినా, నీడ మాత్రం మాట తప్పకుండా వచ్చి సోమవారం దాకా తన చోట్లో చతికిలబడుతుంది. నీడ మీద బండి పెట్టడం మర్యాద కాదు. అందుకే లాంగ్ వీకెండ్ వస్తే క్యాంపు సగం ఖాళీ, గేటు దగ్గర బోర్డు మాత్రం 'చోటు లేదు' అంటుంది. ఆరు నెలల ముందే పట్టెయ్, వెళ్ళేదీ లేనిదీ ఆనక చూద్దాం. మా జనానికి ఇదో జబ్బు.

గ్లెనిస్‌కి ఒళ్ళు మండింది ఇందుకే. ఆమె భర్త రస్‌కి డెబ్బై రెండేళ్ళు. గుండెలో కవాటం పాడైంది, బుధవారం ఆపరేషన్. లేస్తాడో లేదో డాక్టరు గట్టిగా చెప్పలేదు. ఆలోపు మొన చివరిదాకా నడిచి, పిల్లల్ని వెంటేసుకుని దక్షిణానికి పోయే తిమింగలాలను ఒక్కసారి చూడాలని అతని కోరిక. పద్నాలుగో నంబరు చోటు నుంచి మొన చివరికి ఎనిమిది వందల మీటర్లు. అంతవరకైతే నడవమన్నాడు డాక్టరు. వీళ్ళకు దొరికింది ముప్పై ఒకటి, మరుగుదొడ్డి డబ్బాలు పారబోసే గుంట పక్కన. అక్కడి నుంచి ఇసుక దారిలో ఇంకో రెండు కిలోమీటర్లు. ఆ దారికి అడ్డంగా గొలుసు. పద్నాలుగు వాళ్ళది తప్ప మరో బండిని దాటనివ్వరు.

శనివారం రస్ ప్రయత్నించాడు. ఇసుకలో మూడొందల అడుగులు వేసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడిపోయాడు. గ్లెనిస్ అతన్ని వెనక్కి తెచ్చి పడుకోబెట్టి, తిన్నగా పద్నాలుగుకు వెళ్ళింది. అక్కడ పొట్ట ఉన్న ముసలాయన నీడ, టోపీ పెట్టుకుని, దర్జాగా కూర్చుని ఉంది. గడ్డివాము దగ్గర కుక్క నయం, అదైనా ఒంటితో వచ్చి కాపలా ఉంటుంది అంటూ మొదలుపెట్టి అరగంట తిట్టింది. నీడ ఉలకలేదు, పలకలేదు.

ఆదివారం పొద్దున్నే ఆమె గొలుసు తప్పించి, వ్యాన్ తీసుకెళ్ళి పద్నాలుగో నంబరు నీడ మీదే పెట్టేసింది. దారిలో చూసినవాళ్ళు సిగ్గుపడి మొహాలు తిప్పుకున్నారు. రేంజరు తాలియా జీపులో వచ్చింది.

"బండి తియ్యాలి గ్లెనిస్. ఇది వేరేవాళ్ళ చోటు."

"వాళ్ళేరీ? చూపించు," అంది గ్లెనిస్. "నా మొగుడు నడవగలిగింది ఎనిమిది వందల మీటర్లమ్మాయ్. వాడెవడో ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటే, వాడి నీడకి దణ్ణం పెట్టుకుని మేం తిరిగిపోవాలా? పద్ధతి అనేది ఉందా మీకు?"

తాలియా నేల వైపు చూసింది. పొద్దుటి ఎండలో ఆమె నీడ పొడుగ్గా పడింది, రస్ నీడా పడింది. గ్లెనిస్ పాదాల దగ్గర ఒట్టి ఇసుక.

"మీది ఎక్కడుంది?" అని అడిగింది తాలియా.

గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు. ఏప్రిల్లో బుకింగులు తెరిచిన రోజు, ఇక్కడ దొరుకుతుందో లేదో అని గ్లెనిస్ వాటిల్ కోవ్‌లో కూడా ఒక చోటు పట్టేసింది. దాన్ని రద్దు చెయ్యడం మరిచిపోయింది.

"అది వేరు," అంది. "అది జాగ్రత్త కోసం." ఆ మాట ఆమె చెవికే బాగోలేదు.

తాలియా వైర్‌లెస్‌లో వాటిల్ కోవ్‌ను పిలిచింది. అక్కడి రేంజరు, మీవాళ్ళ పుణ్యమా అని రెండ్రోజులుగా చస్తున్నాం అన్నాడు. రెండో నంబరు ఒక్కదాన్నుంచే నీళ్ళదాకా చెక్కల బాట ఉందట. చక్రాల కుర్చీలో ఉన్న భార్యను సముద్రంలో కాళ్ళు తడుపుకోనివ్వాలని వచ్చిన ముసలాయన, ఆ చోట్లో కూర్చున్న ఆడమనిషి నీడను శుక్రవారం నుంచి తిడుతూ, ఇప్పుడే విసిగి బండి ఎక్కుతున్నాడట.

"ఆపమను," అంది గ్లెనిస్. "వదిలేశానని చెప్పు. ఇప్పుడే, ఈ నిమిషమే ఇచ్చెయ్యమను."

పావుగంట గడిచింది. తర్వాత వ్యాన్ కింద నుంచి పొట్ట నీడ పాక్కుంటూ బయటికొచ్చి, ఇసుక దులుపుకుని, ఒడ్డు వెంట దక్షిణానికి నడిచిపోయింది. వైర్‌లెస్ మళ్ళీ పలికింది. అక్కడి ముసలాయన చోటు దొరికిన సంతోషంలో, తాను జాగ్రత్త కోసం పట్టి ఉంచిన ఇంకో చోటును రద్దు చేశాడు. గానెట్ మొన, పద్నాలుగు.

"రెండేసి చోట్లు పట్టే మనిషిని ఏమనాలసలు," అని మొదలుపెట్టింది గ్లెనిస్. రస్ మొహం చూసి ఆపేసింది.

ఎనిమిది వందల మీటర్లకు యాభై నిమిషాలు పట్టింది. మొన చివర రస్ రాతి మీద కూర్చున్నాడు. కింద, చాలా దగ్గరగా, ఒక తల్లి తిమింగలం పిల్లను పక్కన పెట్టుకుని తేలుతోంది. గ్లెనిస్ దానివైపు చూడటం లేదు.

"రెండ్రోజులు ఆవిణ్ణి నీళ్ళదాకా పోనివ్వలేదు రస్," అంది. "నేనే."

రస్ ఆమె చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తెలుసు," అన్నాడు. "ఈపాటికి తడిసుంటాయిలే కాళ్ళు. ఇటు చూడు, పిల్ల ఊపిరి కోసం పైకొస్తోంది."