పెద్ద రంపం, పొడుగు గూడ్సు

మా ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసి రిటైరైన మర్నాటి నుంచీ కట్టెలు కోస్తున్నారు. ఎవరూ కొయ్యమని అడగలేదు. ఇంట్లో కూర్చుంటే తుప్పు పడతానని ఆయన భయం. ఇంట్లో కూర్చుంటే నా వంటకి వంకలు పెడతారని నా భయం. అందుకని కట్టెలు ఇద్దరికీ మేలే చేశాయి.

మా తెలుగు చర్చిలో కోత పండుగ నాటి ప్రేమవిందు ఏటా కట్టెల పొయ్యిమీదే వండుతారు. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఆ కట్టెలకి ‘ఏబెల్ కట్టెలు’ అని పేరు. ఏబెల్ అంటే మా ఆయన. కోసేది ఆయన. మోసేది, ఎండబెట్టేది, పేర్చేది నేను. అయినా జ్ఞానరత్నం కట్టెలని ఒక్కరి నోటా రాలేదు. పోనీలెండి.

ఈ ఏడు ఏప్రిల్ గాలివానకి చర్చి ఆవరణలో నిద్రగన్నేరు చెట్టు పడిపోయింది. మొదలు రెండడుగుల లావు. ఆరు నెలలు ఎండి, పండుగకి సరిగ్గా సరిపోయే కట్టె అయింది. కానీ మా ఆయన మిషను రంపం బ్లేడు అడుగు లోపే. కొమ్మలన్నీ కోసింది కానీ మొదలు దగ్గరికి వచ్చేసరికి పొగ కక్కి, మధ్యలో ఇరుక్కుని, ఆగిపోయింది. పండుగ ఇంకా పది రోజులే.

చర్చి సెక్రటరీ టోని మంచివాడే. “అంకుల్, ఈపాలికి గ్యాస్ పొయ్యిలు పెట్టీద్దాం. మీరు రెస్ట్ తీసుకోండి,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయనకి అన్నం సహించలేదు. చేపల పులుసు ముందు పెట్టుకుని, “రెస్టంటే ఏటో తెల్సా రత్నం? మరింక నువ్వు అక్కర్లేదని,” అన్నారు. గ్యాస్ వచ్చి ఒకసారి కూర్చుంటే మళ్ళీ లేవదని నాకూ తెలుసు.

“అలాగైతే కొత్త రంపం కొనుక్కోండి,” అన్నాను.

నేనన్నది రంపం. ఆయన విన్నది యుద్ధ ట్యాంకు. గోల్‌బజార్‌లో రంపాలమ్మే బెంగాలీ బిమల్ దా కొట్టుకి వెళ్ళి వచ్చి, ఉన్నవాటన్నిట్లోకీ పెద్దదే కావాలన్నారు. నూనె పోస్తే తొమ్మిది కిలోలట. దాని బలం గురించి ఎంత గొప్పగా చెప్పారంటే, నన్ను చూసుకున్న పెళ్ళిచూపుల గురించి కూడా అలా ఎవరికీ చెప్పి ఉండరు.

“తొమ్మిది కిలోలు పట్టుకుని వొంగోగలరేటి?”

“వ్యాగన్ల కింద ముప్పయ్యారేళ్ళు వొంగున్నాను. నాకు సెప్తావేటి?”

మా ఇల్లు రైలు పట్టాల ఎదురుగానే. మా వీధిలో గడియారం ఎవరూ చూడరు. గుడ్డు రెండు గూడ్సులు వెళ్ళేంతసేపు ఉడకాలంటాం, పిల్లల్ని ఒక గూడ్సు వెళ్ళేంతసేపు గుంజీలు తీయమంటాం. మా ఇంట్లో పాత పట్టా ముక్క ఒకటుంది. కొబ్బరికాయలు దానిమీదే కొడతాను. అదీ సుమారు తొమ్మిది కిలోలే.

“ఇది రెండు సేతుల్తో నడుం దగ్గర పట్టుకోండి. ఒక గూడ్సు పోయేదాకా దింపకుండా ఉంటే, పెద్దదే కొనుక్కోండి. నేను కిమ్మనను,” అన్నాను.

ఆయన ధీమా చూడాలి. బొగ్గు గూడ్సుకి యాభై ఎనిమిది వ్యాగన్లని ఆయనకి కంఠతా వచ్చు. ఒక్కో వ్యాగనుకి ఎంతసేపో లెక్క కట్టుకుని, వాకిట్లో నిలబడి, రెండు ప్యాసింజర్లని వదిలేసి, బొగ్గు బండి రాగానే పట్టా ముక్క ఎత్తారు.

“లెక్కెట్టు!”

నేను లెక్కపెట్టాను. ముప్పై దాకా ఈల వేశారు. నలభైకి ఈల ఆగింది. యాభైకి మెడ నరాలు తేలాయి. యాభై ఎనిమిది అనగానే గెలిచానన్నట్టు నావైపు తిరిగారు.

గార్డు పెట్టె రాలేదు. ఇంకో ఇంజను వచ్చింది. దాని వెనక ఇంకో గూడ్సు మొత్తం! ఈ మధ్య రెండు గూడ్సులు కలిపి ఒకే బండిగా తోలుతున్నారు. అది తెలియక కాదు, పందెం మోజులో మర్చిపోయారు. వ్యాగన్లతోనే బతుకంతా గడిపిన మనిషి!

నాకు నవ్వాగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే లెక్కపెట్టాను. డెబ్భై. ఎనభై. అయినా ఆయన దింపరు. పెదవి కొరుక్కుని నిలబడ్డ ఆ మొండి మొహం చూస్తే నవ్వంతా ఎటు పోయిందో పోయింది. వెళ్ళి పట్టా కింద నా రెండు చేతులూ పెట్టాను.

“ఒగ్గీ! పందెం పోతాది!”

“పందెం కాసింది నేను. పోతే నాది పోతాది. మీరు కదలకండి.”

అలా ఇద్దరం కలిసి చివరిదాకా పట్టుకున్నాం. గార్డు మమ్మల్ని చూశాడు. వాకిట్లో ఇద్దరు ముసలివాళ్ళు ఒక పట్టా ముక్కని పసిపిల్లలా ఎత్తుకుని నిలబడటం చూసి, ఏమనుకున్నాడో ఏమో, పచ్చజెండా ఊపాడు. మా ఆయన పడీపడీ నవ్వారు. పాత రంపం ఇరుక్కున్న నాటి నుంచీ అదే మొదటి నవ్వు.

మర్నాడు ఇద్దరం కొట్టుకి వెళ్ళాం. ఆయన పెద్ద రంపాన్ని ఒకసారి ఎత్తి, మెల్లగా దింపి, దాని పక్కనున్న మధ్యరకం వైపు చూశారు. ఆరున్నర కిలోలు, ఒకటిన్నర అడుగు బ్లేడు. పాతదానికంటే చాలా బలమైనది. లావు మొదలైతే రెండు వైపుల నుంచీ కోసుకోవచ్చని బిమల్ దా చెప్పాడు.

స్టార్టు చేయాలంటే తాడు లాగాలి. మా ఆయన లాగారు. భుజం కలుక్కుమంది. మళ్ళీ లాగారు. రంపం దగ్గి ఊరుకుంది. మూడోసారికి ఆయన మొహం ముడుచుకుపోయింది.

“దీదీ, ఆప్ దేఖియే,” మీరు చూడండక్కా అని, బిమల్ దా ఊరికే అన్నాడు.

కొంగు నడుముకి బిగించి, కాలు అదిమిపెట్టి, ఒక్క గుంజు గుంజాను. నలభై ఏళ్ళు బావిలో నీళ్ళు తోడిన చేతులివి. కొట్టంతా దద్దరిల్లింది. బజారులో వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఆయన మాత్రం కొన్న రంపం పట్టుకుని దారిపొడుగునా నాకంటే పదడుగులు ముందే నడిచారు. ఇంటి దగ్గర నేను స్టార్టు చేస్తే సరే, చర్చిలో పదిమంది ముందు పెళ్ళాం చేత తాడు లాగించుకుంటారా అని నాకు బెంగ పట్టుకుంది.

మూడు రోజులు తెల్లవారుతూనే ఎవరూ రాకముందు వెళ్ళి కోశాం. నేను లాగడం, ఆయన కోయడం. మొదలు ముక్కలు ముక్కలైంది. టోని గ్యాస్ మాట మళ్ళీ ఎత్తలేదు.

పండుగ రోజు మూడు గుండిగల్లో పలావు ఉడుకుతోంది. వంట చూస్తున్న అన్నమ్మ గట్టిగా అరిచింది. “ఏబెల్ బావగారూ! మంట సాల్లేదు. ఆ పెద్ద దుంగ సగానికి కోసీండి!”

రెండు వందలమంది ఇటు తిరిగారు. ఆయన రంపం తెచ్చి నేలమీద పెట్టారు. తాడు వైపు చూశారు. నేను తల దించుకుని విస్తళ్ళు సర్దుతున్నాను.

“రత్నం!” అని పిలిచారు, పాటల గుంపు దాకా వినబడేలా. “ఇలాగొచ్చి స్టార్టు సెయ్యి. నువ్వు లాగితేగానీ ఇది ఇనదు.”

నా పెళ్ళినాడు కూడా నేనంత సంతోషపడలేదు. విస్తళ్ళు టోని చేతిలో పెట్టేసి, కొంగు బిగించి, వెళ్ళి లాగాను.