మోకాళ్ళ మొక్కు

కంకిపాడులో జోయెల్ అంతటి ఫుట్‌బాల్ ఆటగాడు లేడు. ఆ మాటకొస్తే కంకిపాడులో ఇంకో ఫుట్‌బాల్ ఆటగాడే లేడు. అందుకని తన గురించి మాట్లాడే అర్హత ఆ ఊళ్ళో ఎవరికీ లేదని అతని గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళవాడు, కేరళలో ఒక క్లబ్బుకు జీతం మీద ఆడేవాడు, ఎడమ మోకాలికి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చి మంచమెక్కాడు. ఎక్కినవాడు ఊరికే పడుకోకుండా, చూడవచ్చిన ప్రతివాళ్ళనీ ఈసడించుకోవడం పనిగా పెట్టుకున్నాడు.

ఈసడించుకోవడానికి మనుషుల కరువేమీ లేదు. ఎదురింటి బసవయ్య రోజూ వచ్చి, కాఫీ తాగినంతసేపూ ఆ మోకాలి వంకే చూసేవాడు. వరి, మినుము తప్ప మూడో సంగతి తెలియని మనిషి.

"ఏం అబ్బాయ్, అదేదో చేత్తో ఆడే ఆటైతే ఈ గొడవే లేకపోను గదా," అన్నాడు ఒకసారి. "మా తోడల్లుడికీ ఇంతే. గేదె తన్నింది. ఆముదం రాసి కట్టు కట్టాం. శుభ్రంగా లేచి నాట్లకెళ్ళాడు."

ఆయన గడప దాటగానే, "గేదెకీ నాకూ తేడా తెలీని ఊరు," అని జోయెల్ గోడకేసి తిరిగాడు.

అయితే అందరినీ మించిన తెలివితక్కువతనం ఇంట్లోనే జరిగిందని అతని లెక్క. తల్లి శౌరమ్మ హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. తండ్రి జక్కయ్య రైసుమిల్లు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. అక్కడ కొచ్చిలో కొడుకు ఆపరేషన్ బల్ల మీద ఉన్న వేళ, ఇక్కడ శౌరమ్మ సాంబారు గంగాళం ముందు నిలబడి గుణదల మాతకు మొక్కుకుంది. బిడ్డ మోకాలు బాగైతే వాడు మోకాళ్ళ మీద కొండెక్కుతాడనీ, మొక్కు తీరేదాకా బంతి ముట్టడనీ. మోకాలు కోసి కుట్టినవాణ్ణి మోకాళ్ళ మీద కొండెక్కించే మొక్కు లోకంలో ఇంకే తల్లికైనా తడుతుందా? ఈ సంగతి తెలిసిన రోజున జోయెల్ పగలబడి నవ్వాడు. ఫోన్లో స్నేహితులందరికీ చెప్పి మరీ నవ్వాడు.

వేసవిలో విజయవాడ డాక్టరు స్కానింగ్ చూసి, "మోకాలు గట్టిపడింది. నిశ్చింతగా వెళ్ళి ఆడుకో," అన్నాడు. జోయెల్ బయటికి వస్తూ, "క్రికెట్ చూసే మొహం, వీడికేం తెలుసు," అని గొణిగాడు. క్లబ్బువాళ్ళు కూడా ఊరుకోలేదు. పరిగెత్తుతున్నట్టు, గిర్రున మలుపు తిరుగుతున్నట్టు, బంతి కొడుతున్నట్టు వీడియో తీసి పంపమన్నారు. జూలై దాటితే అతని చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కూడా చెప్పారు.

అసలు సంగతి జోయెల్‌కు తెలుసు. ఒకనాటి తెల్లవారుజామున బంతి చంకలో పెట్టుకుని హైస్కూలు గ్రౌండుకు పోయాడు. బంతిని ముందు పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. మోకాలు దెబ్బతిన్న ఆ కొచ్చి మ్యాచ్‌లో అతన్ని ఎవరూ తాకలేదు. తనంతట తానే ఎడమకు తిరిగాడు, పాదం గడ్డిలో ఇరుక్కుంది, లోపల టప్‌మని చప్పుడైంది. తిట్టుకోవడానికి ఎదుటివాడు కూడా లేడు. ఆ ఉదయం బంతి వంక చూస్తే మళ్ళీ అదే చప్పుడు చెవిలో మోగింది. బంతిని కాలితో తాకకుండానే ఇంటికొచ్చి, కుక్కలు వెంటపడ్డాయని చెప్పి, దాన్ని మంచం కిందికి తోసేశాడు.

అతను లోకంలో అన్నిటికంటే హీనంగా చూసేది పిరికితనాన్నే. క్లబ్బులో పాల్ అనే గోల్‌కీపరు భుజం విరిగి కోలుకున్నాక, బంతి మీదికొస్తుంటే కళ్ళు మూసుకునేవాడు. వాడికి పిరికిగొడ్డని పేరు పెట్టింది జోయెలే. ఇప్పుడు ఆ పేరు తనకు అతికినట్టు సరిపోతుంటే ఎలా ఒప్పుకుంటాడు? చచ్చినా ఒప్పుకోడు.

అప్పుడు గుర్తొచ్చింది మొక్కు. అన్నాళ్ళూ వెక్కిరించిన మొక్కునే గొడుగులా పట్టుకున్నాడు. "మా ఇంట్లో మొక్కు ఉంది. తీర్చందే బంతి ముట్టకూడదు," అని క్లబ్బుకు రాశాడు. మరి ఆ మొక్కు తీర్చాడా? మే నెలలో మెట్లు కాలిపోతున్నాయన్నాడు. జూన్‌లో వానలకు జారుతున్నాయన్నాడు. జూలై వచ్చేసరికి నడుం నొప్పన్నాడు. శౌరమ్మ "సరే నాన్నా" అంటూనే వచ్చింది.

శనివారం శనివారం క్లబ్బు తరఫున డయానా అనే ఆవిడ వీడియో కాల్ చేసేది. దెబ్బలు తగిలిన ఆటగాళ్ళ మనసు కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. చేతిలో కాగితం పెట్టుకుని, "భయం పదిలో ఎంతుంది జోయెల్?" అని అడిగేది. "రెండు," అనేవాడు. "గ్రేట్," అని రాసుకునేది. మనిషి ముఖం చూడకుండా కాగితం చూసి జీతం తీసుకునే రకం అని జోయెల్ పెదవి విరిచేవాడు. నిజం చెప్పాలంటే ఆవిడ అలా ఉండడం అతనికి ఎంతో హాయిగా ఉండేది.

ఒక శుక్రవారం సాయంత్రం విచారణ గురువు ఫాదర్ కృపానందం ఇంటికొచ్చారు. శౌరమ్మ పీటమీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ మొక్కు సంగతి చెప్పింది. ఆయన పెద్దగా నవ్వారు.

"మరియమ్మ గారేమన్నా బిడ్డ మోకాళ్ళు అరగదీయమన్నారా శౌరమ్మా? నేను చెబుతున్నాను, ఒక కొవ్వొత్తి వెలిగించి రండి, చాలు. రేపట్నుంచి ఆడుకోనీ అబ్బాయిని."

జోయెల్ దిగ్గున లేచి కూర్చున్నాడు.

"అదెలా కుదురుతుందండీ ఫాదర్ గారూ? మొక్కు మొక్కే గదండీ! అమ్మ మాటిచ్చింది. కొవ్వొత్తితో సరిపెడితే ఆ తల్లిని మోసం చేసినట్టు కాదా అండీ?"

క్రిస్మస్‌కు తప్ప గుడి మెట్లెక్కని కుర్రాడి నోట ఈ మాట విని ఫాదర్ గారి కళ్ళు చెమర్చాయి. "ఈ కాలంలో ఇంత విశ్వాసమా!" అని అతని తలమీద చెయ్యి పెట్టి దీవించారు. ఎంత తేలిగ్గా నమ్మేశాడీ పెద్దమనిషి అని జోయెల్ లోలోపల నవ్వుకున్నాడు. శౌరమ్మ నవ్వలేదు. చేతిలో చిక్కుడుకాయ తుంచకుండా అలాగే పట్టుకుని కొడుకును చూసింది.

మర్నాడు జోయెల్ నిద్ర లేచేసరికి తల్లి ఇంట్లో లేదు. మధ్యాహ్నం ఆటో దిగింది. చీరకు మోకాళ్ళ దగ్గర మట్టి, మట్టిలో నెత్తురు మరకలు. గుమ్మం పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతూ ఎక్కింది.

"ఎక్కడికెళ్ళావమ్మా?"

"గుణదల. నీ మొక్కు నేను తీర్చేశాను. మోకాళ్ళ మీదే ఎక్కాను. ఇంక నీకు అడ్డం లేదు, బంతి తియ్యి."

జోయెల్ ఒంటికాలి మీద లేచాడు. "నిన్నెవరు ఎక్కమన్నారు? నేనెక్కాల్సిన మొక్కు నువ్వెక్కితే చెల్లుతుందా?"

"చెల్లుతుందో లేదో ఆ తల్లీ నేనూ చూసుకుంటాం. మొక్కు తప్పే దారి దొరికితే ఎగిరి గంతేయాల్సినోడివి, నిన్న దాన్ని పట్టుకుని వేలాడావు. ఫాదర్ గారు మంచోరు, నమ్మారు. నన్ను కూడా పిచ్చిదాననుకున్నావట్రా?"

ఇన్నాళ్ళూ బసవయ్యనూ డాక్టరునూ ఫాదర్ గారినీ వరసబెట్టి చులకన చేసినవాడు సిగ్గుతో చచ్చిపోయాడు. పోయి ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తువ్వాలులో మూటగట్టి తెచ్చాడు. తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, తడిగుడ్డతో మట్టి తుడిచాడు. చర్మం లేచిపోయి ఉంది. మోకాళ్ళు రెండూ బూరెల్లా ఉబ్బాయి. ఐసు మూట ఆనించబోతే అతని చెయ్యి వణికింది.

"కాళ్ళు నావిరా, వణికేది నువ్వా?" అంది శౌరమ్మ.

"బాగా నొప్పిగా ఉందా?"

"లేకేం? సగం కొండకే వెనక్కి వచ్చేద్దామనిపించింది. అక్కడే కూలబడి పోతానేమోనని భయమేసింది కూడా. పక్కన నడిచే ఒకావిణ్ణి చెయ్యి పట్టుకోమన్నాను."

"నువ్వే అడిగావా?"

"అడక్కపోతే ఆవిడకెట్టా తెలుస్తుంది?"

ఫోన్ మోగింది. శనివారం కదా, డయానా. జోయెల్ ఒక చేత్తో ఐసు మూట అలాగే పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ ఎత్తాడు. ఆవిడ ఎప్పటిలాగే కాగితంలోకి చూస్తూ ఇంగ్లీషులో అదే ప్రశ్న వేసింది. "రెండు" నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"ఏమంటోందిరా?" అంది శౌరమ్మ.

"భయం పదిలో ఎంతుందని అడుగుతోంది."

"మరి ఉన్నది చెప్పు."

"తొమ్మిది," అన్నాడు జోయెల్.

డయానా "గ్రేట్" అనలేదు. కాగితం పక్కన పెట్టి, మొట్టమొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ మేడమ్. నన్నెవరూ తాకలేదు. దానంతటదే తెగింది. ఇప్పటికీ బంతి చూస్తే ఆ చప్పుడే వినిపిస్తుంది." పిరికిగొడ్డు అన్న మాటకు ఇంగ్లీషు వెతుక్కోబోయి మానేశాడు.

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా జోయెల్?"

జోయెల్ తల్లి వైపు చూశాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కళ్ళు మూసుకుని, చల్లదనానికి పళ్ళు బిగబట్టి, అతని భుజం గట్టిగా పట్టుకుని ఉంది.

"తెలుసు మేడమ్," అన్నాడు. "మా అమ్మకి."