అంచు అవతలి పాదాలు

నేను ఒక వ్యూఫైండర్‌ని. ఫొటో తీసేవాళ్ళు ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించే చిన్న కిటికీని. ఆ పొద్దున మంగతాయారు పాత పంచె ముక్కతో నా అద్దం తుడుస్తోంది. రోజూ తుడిచే చెయ్యే.

నన్ను తయారుచేసినప్పుడు నాలుగు అంచులు పెట్టారు. అప్పటినుంచీ నా భయమంతా అంచులదే. నా మొదటి యజమాని పెళ్ళిళ్ళు తీసేవాడు. పెళ్ళికొడుకు నడిమధ్యన ఉండాలి. పేదింటి మేనమామ అంచు దగ్గర తెగిపోయేవాడు. ఫొటోలో లేడు కాబట్టి పెళ్ళికే రాలేదని తర్వాత చుట్టాలు వాదించేవారు. నా మీద మనుషులకు అంత నమ్మకం.

ఆయన చూపు మందగించాక నన్ను రావులపాలెం వీర్రాజు కొన్నాడు. చిన్న చిన్న సినిమాలు తీస్తాడు. నటించడానికి ఎవరూ రారు కనుక భార్య తాయారే కథానాయిక. ఆ రోజు షూటింగు వాళ్ళ డాబా మీదే. ఆకాశానికి అడ్డమని వీర్రాజు ఆ డాబాకి పిట్టగోడ కట్టించలేదు.

"తల మీద ఆకాశం చాలట్లేదు తాయారూ. ఇంకొంచెం వెనక్కెళ్ళు."

"అంచు దగ్గరికొచ్చేశానండీ."

"నీ కాళ్ళు ఫ్రేములో లేవుగా! భయమెందుకే? నవ్వు."

ఆమె నవ్వింది. నాలో ఆ మొహం, వెనక నీలం చక్కగా కుదిరాయి. కాళ్ళు నాకూ కనబడలేదు. ఇసుక కిందికి రాలిన చప్పుడు మాత్రం వినబడింది. అరవడానికి నాకు నోరు లేదు.

"ఇంకొక్క అడుగు."

తాయారు కదల్లేదు. "మీరు నిలబడండి. నేను చూస్తాను" అంది.

అతను నవ్వుకుంటూ వెళ్ళి నిలబడ్డాడు. ఆమె తడిసిన కనురెప్ప నాకు తగిలింది.

"వెనక్కి. ఇంకొంచెం."

నన్ను నమ్మినట్టే ఆమెనూ నమ్మి వెళ్ళాడు. నాలో అతని మొహం, ఆకాశం. అంతే. ఎక్కడా ప్రమాదమన్నదే లేదు. ఆమె చటుక్కున కన్ను తీసి నా పక్కనుంచి చూసింది. అతని మడమ సగం గాల్లో ఉంది.

"ఆగండి!"

వీర్రాజు ముందుకు పడి, మోకాళ్ళ మీద కాసేపు రొప్పాడు. తర్వాత ప్యాంటు దులుపుకున్నాడు.

"ఫ్రేము భలే కుదిరిందా? ఏదీ, ఇప్పుడు నువ్వెళ్ళు."

తాయారు అతన్నే చూసింది. పంచె ముక్క మడిచి నా పక్కన పెట్టి మెట్లు దిగింది. అతను గబగబా వచ్చి నాకు కన్ను ఆనించి, కెమెరాని వీధివైపు వంచాడు. ఆమె చెప్పులేసుకుంది. గేటు తీసింది. వీధిలోకి నడిచి వెళ్ళిపోతోంది.

ఆ ఫ్రేములో ఆమె పాదాలు కూడా ఉన్నాయి.