ఇచ్చేసిన వరస

ఆ రోజు నా వరస ఇవ్వకుండా ఉంటే, అని మనసు మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది, ఆసుపత్రి బెంచీ మీద పక్కనే పిచ్చమ్మ, రొయ్యలు వలిచిన చేతుల వాసనతో నా కూతురి జడ సవరిస్తోంది, సవరించనీ, ఆమెకేం, ఆమె కూతురు సుప్రియకు రిపోర్టు వచ్చేసింది, నెత్తురులో వైరస్ కనపడలేదంట, ఫోన్లో చెప్పినప్పుడు సంతోషం పిచ్చమ్మా అన్నాను, అన్న నోరే చేదయింది, ఇద్దరు పిల్లలకూ హెచ్ఐవి పుట్టుకతో వచ్చిందే, ఇద్దరూ మింగేది ఒకే మందు, ఒకే పొద్దున నెత్తురిచ్చారు, మరి ఆ పిల్లకు బాగుందని చెప్పి నా సాహిరాను మాత్రం మళ్లీ రమ్మన్నారంటే ఏమనుకోవాలి, మందు పనిచేయడం మానేసిందనే గదా, వేరే మందుకు మారుస్తారు, అదీ పనిచేయకపోతే, యా అల్లా, పోయిన నెలంతా పిల్ల దగ్గుతూనే ఉంది, సముద్రం గాలి అనుకున్నాను, ఇంతకీ ఈమె ఈరోజు ఎందుకొచ్చినట్టు, నా ముఖం ఎట్లా వాడిపోతుందో చూసి పోదామనా.

ఆ రోజు నెత్తురిచ్చే వరసలో సాహిరానే ముందు, పిచ్చమ్మే బతిమాలింది, ముంతాజక్కా, బోగోలు బస్సు పోతే రొయ్యల షెడ్డులోకి నన్ను రానియ్యరు, మీరు కావలిలోనే గదా, మా పాపను ముందు పోనీ అక్కా, సరే పోనిమ్మన్నాను, ఇచ్చింది వరసేనా, దాని వెంట నా బిడ్డకు రావలసిన మంచిమాట కూడా పోయిందా, లేకపోతే నెత్తురు గొట్టాలు రెండూ పక్కపక్కనే నిలబెట్టారు, పేర్లు అంటించేటప్పుడు చెయ్యి తడబడి ఉంటే, అప్పుడు ఆ మంచి నెత్తురు సాహిరాది, చెడ్డది సుప్రియది, అవును, అదే అయ్యుంటుంది, అదే కావాలి.

లోపలికి పిలవగానే ల్యాబు తిమోతిని అడిగేశాను, గొట్టాలు మారినాయేమో చూడు నాయనా, అతను సూది పక్కన పెట్టి నా వైపు తిరిగాడు, ఏందమ్మా, పాప రిపోర్టు చెడ్డగా వచ్చిందని ఎవరు చెప్పినారు, అసలు రిపోర్టే రాలేదు గదా, అన్నాడు, మిషన్లో జనం నెత్తురు పెట్టినప్పుడల్లా వైరస్ ఎంత ఉందో ముందే తెలిసిన శాంపిలొకటి, బొత్తిగా లేనిదొకటి కూడా పెడతారంట, ఆ రెండిటినీ సరిగ్గా చెబితేనే మిగతావాటి గురించి మిషన్ మాట నమ్ముతారంట, సుప్రియ గొట్టంతో మిషన్లో పెట్టే తట్ట ఒకటి నిండింది, సాహిరాది తర్వాతి తట్టకు పోయింది, ఆ తట్టలో వైరస్ లేని శాంపిల్లో కూడా ఉందని మిషన్ చూపించింది, అందుకే ఆ తట్టలో అందరి రిపోర్టులూ కొట్టేశారు, మళ్లీ పెట్టడానికి నెత్తురు మిగల్లేదు, మంచిగా వచ్చినా కొట్టేస్తారా అన్నాను, మంచిగా వచ్చినా అంతేనమ్మా, లేనిది చూసే మిషన్ చెప్పిన మాట మీకెట్ట ఇస్తాం, అన్నాడు.

లేనిది చూడడం, ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను, సాహిరా అప్పుడే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపి నవ్వుతోంది, అమ్మీ, నువ్వు బయటికి పో, సూది నాకు గుచ్చితే కళ్లు తిరిగేది నీకు, పిచ్చమ్మత్తను రమ్మను, పిచ్చమ్మ వచ్చేసింది, అందుకే గదా ముంతాజక్కా ఈ పూట షెడ్డు మానేసినా, ఆ రోజు మీరు వరస ఇస్తిరి, నేను ఈ మాత్రం చెయ్యి పట్టుకోలేనా, అంటూ వేళ్లు బిగించింది, గొట్టంలోకి ఎర్రగా ఎక్కుతోంది, ఇది బాగుండొచ్చు, బాగుండకపోనూవచ్చు, నాకింకా తెలియదు, కానీ వరస ఇచ్చిన పొద్దు నుంచి ఈ క్షణం దాకా ఇన్ని రకాలుగా భయపడిన నా మనసుకు, ఇద్దరి నెత్తురూ బాగుండొచ్చు అన్న మాట ఒక్కసారి కూడా తట్టలేదు.